ఇషాపూరు తుపాకి

మా హాలియాలో నా చిన్ననాట తుపాకి రెండే రెండు చోట్ల కనబడేది. ఒకటి, పోలీసు ఠాణా గుమ్మంలో పహరా కాసే జవాను భుజాన. రెండవది, బ్యాంకు వాకిట ఇనుపకుర్చీలో కూర్చునే ముసలి కాపలాదారు ఒడిలో. ఠాణావైపు కన్నెత్తి చూసే ధైర్యం మాకు లేదు గనుక, బడి విడిచాక బ్యాంకు దగ్గరే ఆగి, ఆ రెండు గొట్టాల తుపాకిని నోరు తెరుచుకుని చూసేవాళ్లం. ఆయన సైన్యంలో పనిచేసి విరమించినవాడు. "తాతా, గిది నిజంగ పేలుతదా?" అని ఒకనాడు నేనడిగితే, "పేలకపోతేనే మంచిది బిడ్డా" అన్నాడు. ఆ జవాబు నాకు అప్పుడు నిరాశనే కలిగించింది.

మా నాయనమ్మ మాత్రం అంగడికి పోతూ ఆ చోటు రాగానే, కొంగు నెత్తిమీదికి లాక్కుని, నా చేయి పట్టుకుని, రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేది. ఎందుకని అడిగితే "ఎండ" అనేది. అవతలి పక్కనే ఎండ ఎక్కువ.

చాలాకాలంగా మరుగున పడిన ఈ జ్ఞాపకాలు మొన్న మళ్లీ పైకి తేలడానికి కారణం మా బామ్మర్ది. అతనిది హుజూర్‌నగర్ పక్క పల్లె. అమెరికా వెళ్లి ఇరవై ఏళ్లు దాటింది. టెక్సాస్‌లో డాలస్ నగర శివార్లలో స్థిరపడి, అక్కడి పౌరసత్వం కూడా తీసుకున్నాడు. 2024 ఎండాకాలంలో మేము వెళ్లినప్పుడు, రెండోనాడే నన్ను కారుషెడ్డులోకి తీసుకుపోయి ఒక ఇనుప బీరువా తాళం తీశాడు. లోపల వరుసగా నాలుగు తుపాకులు. సినిమాల్లో చూసే నల్లటి కొత్త ఆయుధాలు ఉంటాయని ఊహించిన నాకు ఆశ్చర్యం కలిగింది. అన్నీ కర్ర తుపాకులే. ముదురు రంగు కర్ర, అక్కడక్కడ సొట్టలు, చేతులు తగిలి తగిలి నునుపుదేరిన అంచులు. మా ఊరి పాత నాగళ్ల మేడి గుర్తుకు వచ్చింది.

"అన్నా, మీ బామ్మర్దికి ఈ ఇనుపకట్టెల పిచ్చి ఏందో మీరన్న అడుగున్రి. ఒక్కటన్న కొత్తది కొనడు" అని వెనకనుండి మా చెల్లె, అంటే అతని భార్య, ఫిర్యాదు చేసింది.

"కొత్తది ఎవడన్న కొంటడు బావా. ఇవి ఎంత అగ్గువకు దొరికినయో తెలుసా?" అన్నాడు అతను.

ఆ 'అగ్గువ' అన్న మాట చుట్టూనే ఆ పది దినాలూ మా సంభాషణ నడిచింది. అక్కడ విన్నదీ, స్వయంగా చూసినదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

సైన్యాలు కొత్త తుపాకులకు మారినప్పుడల్లా పాతవి లక్షల సంఖ్యలో మిగిలిపోతాయి. వాటిని కరిగించే దేశాలు కొన్ని, గిడ్డంగుల్లో దాచే దేశాలు కొన్ని, టోకున అమ్మేసే దేశాలు కొన్ని. ఈ మిగులు సరుకు వ్యాపారం అమెరికాలో పాతది. 1898లో స్పెయినుతో యుద్ధం ముగిశాక మిగిలిన సరంజామాను వేలంలో కొన్న ఫ్రాన్సిస్ బానర్‌మాన్ అనే వర్తకుడు, దాన్ని నిలవ చేయడానికి ఊళ్లో చోటు చాలక, హడ్సన్ నదిలోని ఒక దీవిని కొని అక్కడ కోటవంటి గిడ్డంగి కట్టించాడు. ఆ శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి.

మా బామ్మర్ది మొదట కొన్నది రష్యా దేశపు మోసిన్-నాగాంత్. 1891లో రూపొందిన తుపాకి అది. మూడు కోట్లకు పైగా తయారయిందని అంచనా. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ పోరాడింది. యుద్ధానంతరం సోవియట్లు వాటిని మరమ్మతు చేసి, గ్రీజు పూసి, పెట్టెల్లో పెట్టి దాచారు. ఆ దేశం కూలిపోయాక అవి అమెరికా అంగళ్లకు వెల్లువలా వచ్చిపడ్డాయి. 2009లో తాను నూరు డాలర్ల లోపు పెట్టి కొన్నానని మా బామ్మర్ది చెప్పాడు. అక్కడి లెక్కలో అది ఒక కుటుంబపు వారం సరుకుల ఖర్చు. ఇప్పుడా ధరకు దొరకదు. 2021 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన ఆంక్షలతో రష్యా తుపాకుల, తూటాల దిగుమతికి కొత్త అనుమతులు ఆగిపోయాయి. వెల కొన్ని రెట్లు పెరిగింది. పెరిగిందన్న సంతోషం అతనిలో కనిపించలేదు. "ఇగ పిల్లలు కొనలేరు బావా" అన్నాడు.

అగ్గువ అయితే ఏమిటి గొప్ప? నాకు అర్థమైనంతలో దీనికి మన దగ్గరే పోలిక ఉంది. మా ప్రాంతంలో ఒకప్పుడు మిలిటరీ డిస్పోజల్ జీపు ఉన్న ఆసామి దర్జా వేరు. కొత్త కారు కొనగలవాడు సైతం వేలంలో వచ్చిన ఆ జీపునే ముద్దు చేసేవాడు. గీత పడుతుందన్న భయం లేదు. బురదలో దింపవచ్చు. బోల్టు ఊడితే తానే బిగించుకోవచ్చు. సైన్యం వాడి పారేసినదంటే ఇక దాన్ని మనం చెడగొట్టగలిగేది ఏమీ ఉండదన్న భరోసా. వెల ఎక్కువైన వస్తువుకు మనం కాపలా కాస్తాం. అగ్గువ వస్తువుతో సహవాసం చేస్తాం. మా బామ్మర్ది ఆ రష్యా తుపాకితో చేసినది అదే.

అది ఇంటికి వచ్చిననాడు చేతికి జిడ్డు తప్ప ఏమీ తగలలేదట. కాస్మోలిన్ అని ఒక గోధుమరంగు చమురు ముద్ద. తుప్పు పట్టకుండా దశాబ్దాలపాటు కాపాడేది అదే. గట్టిపడిన ఆ ముద్దను వేడి చూపి కరిగించాలి, కిరసనాయిలు వంటి ద్రావకంతో తుడవాలి, గొట్టంలోకి గుడ్డ కట్టిన కడ్డీని వందసార్లు పోనివ్వాలి. కర్ర రంధ్రాల్లో ఇంకినది టెక్సాస్ ఎండకు నెలలపాటు చెమటలా ఊరుతూనే ఉంటుంది. "మూడు వారాలు ఇల్లంత వాసన" అని మా చెల్లె గుర్తు చేసుకుంది. "ఆ మూడు వారాలే అసలు మజా" అన్నాడు అతను. జిడ్డు పోయిన కొద్దీ ఇనుముమీది ముద్రలు ఒక్కొక్కటే బయటపడతాయి. ఏ కర్మాగారం, ఏ సంవత్సరం, ఎవరు పరీక్షించారు, తరువాత ఏ డిపోలో మరమ్మతు చేశారు, అన్నీ గుర్తులే. బాణం ఉన్న నక్షత్రమైతే తూలా, త్రిభుజంలో బాణమైతే ఇజెవ్‌స్క్. 1942నాటివాటి ఇనుము గరుకుగా, ఆకురాతి గీతలతో ఉంటుంది. జర్మన్లు మీదికి వస్తుంటే నునుపు చేసే తీరిక ఎవరికుంది? అతనిది 1942దే. వేలితో ఆ గీతలు తడిమి చూశాను. వాటిని చెక్కినవారెవరో, ఆ రోజు తిన్నారో లేదో అనిపించింది. మ్యూజియంలోనైతే అద్దం అడ్డం ఉండేది.

ఆ ఆదివారం మమ్మల్ని ఊరి వెలుపల ఉన్న గురి మైదానానికి తీసుకువెళ్లాడు. నేను తుపాకి పట్టడం అది మొదటిసారి కాదు. నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీ శిబిరంలో .22 రైఫిలుతో అయిదు తూటాలు పేల్చాను. బోర్లా పడుకోబెట్టి, "సాంస్ రోకో" అంటూ హవల్దారు మడమతో నా కాళ్లు ఎడంగా జరిపిన సంగతి ఇంకా గుర్తే. అయిదింటిలో రెండు కాగితానికి తగిలాయి. పక్కవాడి కాగితానికి.

ఈ రష్యా తుపాకి అటువంటిది కాదు. నాలుగు కిలోల బరువు, నాలుగడుగుల పొడవు. ప్రతి తూటాకూ బోల్టు పిడిని పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి వంచాలి. అయిదు తూటాలతో పెట్టె ఖాళీ. దూరదర్శిని లేదు. ముందొక ముల్లు, వెనకొక గాడి, అంతే. పేల్చగానే భుజాన్ని దున్నపోతు కుమ్మినట్టయింది. పక్క బల్లల దగ్గర కొత్త తుపాకులవారు అరనిమిషంలో ముప్పై తూటాలు వదిలేస్తున్నారు. ఇక్కడ ఒక్క తూటాకు ఒక నిమిషం: ఊపిరి, గురి, దెబ్బ, ఆపైన కాగితం దగ్గరికి పోయి చూసుకోవడం. వేగం లేకపోవడమే ఇందులోని రుచి అని ఆ ఎండలో నిలబడి గ్రహించాను. చేతిలోని యంత్రం చేసే పని ప్రతి అంచెలోనూ కంటికి కనబడుతుంది, చేతికి తెలుస్తుంది.

ఇంటికి వచ్చాక మరో తతంగం. పాత సైనిక తూటాలలోని నిప్పుమందు కాలినప్పుడు ఉప్పువంటి లవణం గొట్టంలో మిగులుతుంది. ఉప్పుకు తేమను పీల్చే గుణం ఉంది గనుక వదిలేస్తే తుప్పు పడుతుంది. నూనెకు ఆ ఉప్పు కరగదు. అందుకని మరిగే నీళ్లు పోసి కడగాలి. అతను వంటింట్లో చాయ గిన్నె పక్కనే నీళ్లు మరిగించి, గరాటుతో గొట్టంలోకి పోశాడు. వెనుకటి సైనికులూ ఇలాగే కడిగేవారట. ఆవిరి లేస్తున్న ఆ గొట్టాన్ని అతను గుడ్డతో పట్టుకున్న తీరు, స్నానమైన పిల్లవాడిని తుడుస్తున్నట్టు ఉంది.

అప్పుడు బీరువాలోంచి చివరి తుపాకి తీసి నా చేతుల్లో పెట్టాడు. "ఇది చూడు బావా. ఇది మనది."

పొట్టిగా, ముక్కు కోసినట్టున్న ఆ ఆకారాన్ని నేను వెంటనే గుర్తుపట్టాను. మా ఠాణా జవాను భుజాన ఉండే .303 ఆకారమే. కాని ఇది .303 కాదు. 1962 చైనా యుద్ధానంతరం మన ప్రభుత్వం, పాత ఎన్‌ఫీల్డు రూపాన్నే తీసుకుని, ఇంకా గట్టి ఉక్కుతో, కొత్తగా వచ్చిన 7.62 తూటా పేల్చేటట్టు బెంగాలులోని ఇషాపూరు కర్మాగారంలో చేయించిన రైఫిలు. తూటాల పెట్టె గుండ్రం పోయి నలుచదరంగా ఉంటుంది. సైన్యం కోసం రూపొందిన ఈ జాతి తుపాకుల్లో చివరివాటిలో ఇదొకటి. పట్టీ మీద ముద్ర: ఆర్ఎఫ్ఐ, 1967.

నిలబడిపోయాను. మన కార్మికులు చేసినది, మన పన్నులతో చేసినది. దీన్ని హాలియాలో ఉండే నేను హాలియాలో కొనలేను. 1878లో తెల్లదొరలు ఆయుధాల చట్టం తెచ్చి జనం చేతుల్లోంచి తుపాకులు తీసేశారు. స్వతంత్రం వచ్చాక 1959లో మన చట్టం వచ్చింది. సైనిక తూటా పేల్చే .303, 7.62 వంటివి నిషిద్ధ బోరు. సామాన్యులకు లైసెన్సు ఇవ్వరు. పౌరుల కోసమని అదే ఇషాపూరువారు అదే ఎన్‌ఫీల్డు కట్టుబడితో .315 రైఫిలు చేశారు. దానికి లైసెన్సు దొరకడమే గగనం. దొరికినా ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఠాణాలో అప్పగించి రావలసిందే. మూడు తుపాకుల పరిమితిని 2019 సవరణ రెండుకు తగ్గించింది. కనుక ఇక్కడ పాత సైనిక తుపాకికి రెండవ జన్మ లేదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినాన కవాతు చేయించి .303కు వీడ్కోలు పలికారు. వీడ్కోలు పలకగలిగినది ప్రభుత్వం మాత్రమే. హుజూర్‌నగర్ మనిషి ఇషాపూరు తుపాకి యజమాని కావాలంటే టెక్సాస్ పోవలసి వచ్చింది. ఆ నియమం తప్పని నేననను. అయినా ఆ క్షణాన ఏదో చిన్న వెలితి కలిగిన మాట నిజం.

"ఇంతకూ నీకీ పిచ్చి ఎట్ల పట్టింది?" అని అడిగాను.

కొంతసేపు బోల్టు ఆడిస్తూ కూర్చుని చెప్పాడు. "మా తాత దళంల చేసిండు బావా. నలుగురికి ఒక్క భర్మార్ ఉండెనంట. రజాకార్ల దగ్గర, గడీల దొరల దగ్గర రైఫిళ్లు. వీళ్లు ఒక్కసారి పేల్చి మళ్లీ మందు కూరుకునేటప్పటికి వాళ్లు పది పేల్చేటోళ్లు. సచ్చేదాక గదే చెప్పేటోడు: ఒక్క రైఫిల్ ఉంటెనా, అని."

భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. మందూ గుండూ మూతి నుండి కూరి పేల్చే నాటు తుపాకి అది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి దెబ్బకు నేలకొరిగిన నాటినుండి, 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా, మా సూర్యాపేట, హుజూర్‌నగర్ ప్రాంతాల రైతులు చేతబట్టినవి వడిసెలలు, కర్రలు, కారంపొడి, ఈ భర్మార్లు. ఎదుటివారి నుండి గుంజుకున్న రైఫిళ్లు తరువాతి సంగతి. నిజాముకేమో 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు చేరవేశాడు. అవి యుద్ధకాలపు బాంబర్లను మార్చి చేసిన విమానాలు. ఆ విమానాలకూ రెండవ జన్మే.

అంటే మా బామ్మర్ది కొన్నది తాతకు అందని రైఫిలు. నూరో నూటయాభయ్యో డాలర్లకు అది అంగట్లో దొరుకుతుందని తెలిసిననాడు అతనికి ఏమనిపించి ఉంటుందో ఊహించగలను. ప్రభువుల చేతుల్లో ఉన్నంతకాలం భయపెట్టిన వస్తువు, పని పోయి, వెల పడిపోయి, మామూలు మనిషి ఇంటికి వచ్చి కూర్చుంది. ఈ పాత తుపాకుల ఆకర్షణలో సగం అదేనని నా నమ్మకం.

అయితే అగ్గువకు మరో ముఖం ఉంది. 1963లో ఇటలీ సైన్యపు మిగులు కార్కానో రైఫిలు ఒకటి, దూరదర్శినితో సహా 19 డాలర్ల 95 సెంట్లకు, తపాలాలో ఒక యువకుడికి చేరింది. ఆ నవంబరులో, ఇదే డాలస్ నగరంలో, దానితోనే అధ్యక్షుడు కెనడీని కాల్చారు. 1968 చట్టం తపాలా అమ్మకాలనూ, మిగులు తుపాకుల దిగుమతినీ ఆపివేసింది. పాత చారిత్రక తుపాకులకు 1984లో మళ్లీ తలుపు తెరిచారు. మా బామ్మర్ది ఇంటినుండి ఆ వీధి అరగంట ప్రయాణం. అతనే తీసుకువెళ్లి చూపించాడు. అక్కడ తుపాకుల మాట మేమిద్దరం ఎత్తలేదు.

ఆ రాత్రి హాలియాకు ఫోను చేశాను. మా నాయనకు ఎనభై మూడేళ్లు, బడిపంతులుగా విరమించాడు. దాచడమెందుకని తుపాకి సంగతి చెప్పాను.

"ఏడ చేసిందంట?" అన్నాడు.

"బెంగాల్ల, ఇషాపూర్ల. మన సర్కారు కార్ఖానానే."

"ఏ సాలుది?"

"అరవై ఏడు."

"సాగర్ కాల్వలకు నీళ్లిడిసిన సాలు" అని కాసేపు ఊరుకున్నాడు. తరువాత, "మీ పెద్దతాత కుంటుడు గుర్తుందా?" అన్నాడు.

గుర్తుంది. ఎద్దు తొక్కిందని విన్నాను.

"ఎద్దు కాదురా. రజాకార్లు. నలభై ఎనిమిదిల. మీ నాయనమ్మ దొడ్లె పిడకలు కొడుతాంది. ఆమె కండ్ల ముంగటనే కాల్చిన్రు. నన్ను జొన్నచేన్ల పండవెట్టి నోరు మూసింది. నాకు ఏడేండ్లు."

బ్యాంకు ముందు రోడ్డు దాటిన నాయనమ్మ అప్పుడు కళ్లముందు నిలిచింది. ఆ ఎండ ఏమిటో నలభై ఏళ్ల తరువాత తెలిసింది.

"గొట్టానికి ఈ దిక్కు ఉన్నోనికి అది పాతదో కొత్తదో, అగ్గువదో పిరందో ఎర్కయితదిరా. ఆ దిక్కు ఉన్నోనికి అయ్యేం తెల్వయి" అన్నాడు నాయన. కోపంగా అనలేదు; లెక్క సరిచేసినట్టు అన్నాడు.

మరునాడు ఈ మాట మా బామ్మర్దికి చెప్పాను. అతను వాదించలేదు. తుపాకిని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, "మామ చెప్పింది నిజమే బావా. మా తాతకు గొట్టం ఈ దిక్కు దొరకలె. మీ పెద్దతాతకు ఆ దిక్కే దొరికింది. నేను కాయితం దిక్కే పెడుత" అన్నాడు.

నాకు అతని ఆనందం అర్థమైంది. అందులో పాలు పంచుకున్నాను కూడా. ఆ భుజం నొప్పి వారం రోజులు తీయగానే ఉంది. ఆ ఆనందం అబద్ధమని ఇప్పుడూ అనను. పని ముగిసిన ఆయుధాన్ని కడిగి, తుడిచి, దాని ముద్రలు చదివి, కాగితానికి మాత్రమే గురిపెట్టి, పిల్లలకు అందకుండా తాళం వేసుకోవడం ఒక విధంగా దాన్ని మచ్చిక చేయడమే. కాని మా ఇంట్లో తుపాకి జ్ఞాపకం గొట్టం అవతలి పక్కనుండి వచ్చినది. ఇంకో ఆదివారం అక్కడ ఉన్నా నేను మళ్లీ మైదానానికి వెళ్లేవాడిని కానేమో.

ఆగస్టులో ఊరికి వచ్చాక ఫొటో చూపించమని నాయనే అడిగాడు. ఫోనును కిటికీ వెలుతురుకు పట్టుకుని, భూతద్దంతో ఆ ముద్రను చాలాసేపు చూశాడు. "పనోళ్లు మంచిగ చేసిన్రు" అని ఫోను నా చేతికిచ్చాడు. ఆపైన చేతికర్ర కోసం వెతుక్కుంటూ, "ఎడమకాల్వకు నీళ్లిడిసిన్రంట, పా, చూసొద్దాం" అన్నాడు. ఇద్దరం బయలుదేరాం. బ్యాంకు ముందునుంచే, ఎండ లేని పక్కనే నడిచాం.